పొగాకు రంగు, ఫోను కెమెరా, మా తొమ్మిదో తరగతి

ప్రకాశం జిల్లాలో టంగుటూరు, కొండపి ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. దానితో పాటు శనివారం మధ్యాహ్నాలు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు వీడియో తీయడం, దృశ్యాలతో కథ చెప్పడం నేర్పుతున్నాను. పదో తరగతి వాళ్లకు పబ్లిక్ పరీక్షల ఒత్తిడి ఉంటుంది కనుక వాళ్లను ఇందులోకి లాగను. ఇష్టమున్నవాళ్లు వచ్చి వెనుక బెంచీలో కూర్చుని చూసి వెళ్తారు. మాకు స్టూడియో లేదు, పెద్ద కెమెరా లేదు. ఉన్నవి నా ఫోను, మరో ఉపాధ్యాయుని ఫోను, ఇంట్లోవాళ్లను బతిమాలి పిల్లలు తెచ్చుకునే ఒకటి రెండు ఫోన్లు, ఒక ట్రైపాడ్, చొక్కాకు పెట్టుకునే చిన్న మైకు, బడి కంప్యూటరు. ఈ తరగతి ఎలా నడుస్తోందని ఇతర బళ్ల ఉపాధ్యాయులు తరచుగా అడుగుతున్నారు కనుక, ఏం నేర్పుతున్నానో, ఆ వరసలోనే ఎందుకు నేర్పుతున్నానో కాస్త వివరంగా రాయాలనిపించింది.

ఫోను పట్టుకుని వీడియో తీయడం మా పిల్లలకు కొత్త కాదు. ఏ బటన్ ఎక్కడుందో, ఫిల్టర్ ఎలా పెట్టాలో, పాటను ఎలా అతికించాలో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. వాళ్లకు అలవాటు లేనిది ఒకే చోట నిలబడి ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా చూడడం. పనిలో ఏది ముందు, ఏది వెనుక, ఎక్కడ ఆగాలి, ఎక్కడ తొందరపడాలి అన్నది తెలియనివారు ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా ఆ పని చూసేవారికి అర్థం కాదు. అందుకని మా తరగతిలో కథ అంటే మొదట పని వరస. ఆ వరసను పట్టుకోగలిగితే ఎన్ని షాట్లు కావాలో, ఏ దూరం నుంచి తీయాలో, ఒక్కొక్కటి ఎంతసేపు ఉండాలో, పొద్దున తీయాలో సాయంత్రం తీయాలో ఆ పనే చెబుతుందని నా గట్టి నమ్మకం.

మొదటి పాఠానికి ఫోను అక్కర్లేదు. నోటు పుస్తకం, పెన్ను తీసుకుని ఊళ్లో ఎవరో ఒకరు చేసే పనిని పూర్తిగా చూసి, అంచెలంచెలుగా రాసుకురమ్మంటాను. టీ కాయడం, పూలు కట్టడం, జాకెట్టు కుట్టడం, గేదె పాలు తీయడం, ఏదైనా సరే. ఎక్కువమంది మగపిల్లలు సైకిల్ పంక్చరు దుకాణానికి వెళ్తారు. మొదటిసారి రాసుకొచ్చినప్పుడు అందరివీ దాదాపు ఒకే రకంగా ఉంటాయి: ట్యూబు తీశాడు, నీళ్లలో ముంచాడు, అతుకు వేశాడు, గాలి కొట్టాడు. మళ్లీ వెళ్లి చూడమంటాను. అప్పుడు కనబడతాయి అసలు సంగతులు. బుడగలు వచ్చిన చోట గుర్తు పెట్టడం, తడి తుడవడం, గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ పూశాక వెంటనే అతికించకుండా అది ఆరేదాకా కాసేపు ఊరికే కూర్చోవడం, చివరికి ట్యూబును తిరిగి ఎక్కించే ముందు టైరు లోపల చుట్టూ వేళ్లతో తడిమి ముల్లు ఇంకా ఉందేమో చూడడం. సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కడపడితే అక్కడ ఉండే మా ప్రాంతంలో ఆ తడమడం చాలా ముఖ్యమైన పని; అది చేయకపోతే వేసిన అతుకు ఇంటికి చేరేలోపే వృథా అవుతుంది. పిల్లలు దాదాపు ఎప్పుడూ వదిలేసేవి ఆ రెండే, ఆరేదాకా ఆగడం, ముల్లు కోసం తడమడం. తెరమీద చూసేవారిని కూర్చోబెట్టేవి కూడా ఆ రెండే. ఆ మనిషికి తన పని తెలుసు అన్న సంగతి ఒక్క మాట చెప్పకుండా అక్కడే తెలిసిపోతుంది.

నోటు పుస్తకం అయ్యాక ఫోను చేతికిస్తాను. మొదటి అభ్యాసం సినిమా పుట్టిన రోజులదే. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లుమియేర్ సోదరులు డబ్బు తీసుకుని జనానికి చూపిన మొదటి చిత్రాల్లో ఒక్కొక్కటి 50 సెకన్లకు అటూ ఇటూగా ఉండేది. కెమెరా కదలదు, మధ్యలో కత్తిరింపు ఉండదు. వాటిలో ఒకటి లియోన్‌లోని వాళ్ల కర్మాగారం నుంచి పనివాళ్లు బయటికి నడిచి రావడం. ఏడాది తిరగకుండానే, 1896 జులై 7న, బొంబాయిలోని వాట్సన్ హోటల్లో ఆ ప్రదర్శన మన దేశానికీ వచ్చింది. మా పిల్లలు కూడా అదే నియమంతో ఒక్క షాటు తీయాలి. ఫోను ట్రైపాడ్ మీదో, గోడ మీదో, ఇటుకల మీదో కదలకుండా ఉండాలి, అడ్డంగా ఉండాలి, 50 సెకన్లలో ఏదో ఒకటి మొదలై ఏదో ఒకటి పూర్తి కావాలి. కెమెరాను ఎక్కడ పెట్టాలన్నది నిర్ణయించడానికి ముందు పనిని చూసి ఉండక తప్పదు కదా. బడి బోరింగు దగ్గర బిందె నిండడం, గంట కొట్టే ఆమె గది నుంచి వచ్చి గంట కొట్టి వెళ్లిపోవడం, మధ్యాహ్న భోజనానికి పిల్లలు వరసగా పళ్లేలు కడుక్కోవడం ఇలా తీసినవే. పళ్లేలు కడిగే షాటులో ఒక చిన్నపిల్ల తన పళ్లెం కడిగి, తమ్ముడి పళ్లెం కూడా తీసుకుని కడిగింది. తీసిన అబ్బాయికి ఆ సంగతి తెరమీద చూసేదాకా తెలియదు. కదలని కెమెరా అలాంటివి పట్టుకుంటుంది. చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి ఉంటే ఆ పిల్ల ఎప్పుడో పక్కకు పోయేది.

షాట్ల రకాల మీద నేను ఎక్కువ సమయం పెట్టను. దూరం నుంచి చోటు మొత్తం, కాస్త దగ్గరగా మనిషి, బాగా దగ్గరగా చేతులు, బాగా దగ్గరగా ముఖం, పని చేసేవారి భుజం వెనుక నుంచి వాళ్లు చూస్తున్నది, ఈ అయిదూ తెచ్చుకుంటే చాలావరకు కథ నడుస్తుంది. ప్రతి షాటూ కనీసం పది సెకన్లు తీయాలి, ఎందుకంటే కత్తిరించి తగ్గించవచ్చు గాని లేనిదాన్ని పెంచలేము. జూమ్ వాడకూడదు, దగ్గరగా కావాలంటే నడిచి దగ్గరికి వెళ్లాలి, వెళ్లేముందు అడగాలి. ఈ అడగడం గురించి ముందు ముందు చెబుతాను.

రెండు షాట్లు పక్కపక్కన పెడితే ఏమవుతుందన్నది మాత్రం తీరికగా చెప్పవలసిన పాఠం. సోవియట్ రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన నటుడు మొజూఖిన్ ముఖాన్ని చూపే ఒకే షాటును సూప్ గిన్నెతోను, శవపేటికతోను, పడుకుని ఉన్న స్త్రీతోను కలిపి చూపించి, చూసేవారు ఆ ఒకే ముఖంలో మూడు వేర్వేరు భావాలు చూశారని చెప్పిన ప్రయోగం సినిమా చదువుల్లో ప్రసిద్ధం. మేము దాన్ని మా తరగతిలోనే చేస్తాము. ఒక అబ్బాయి ముఖం తీశాము, ఏ భావమూ లేకుండా. దాని పక్కన ఒకసారి భోజనంలో ఇచ్చే ఉడికించిన గుడ్డు, ఒకసారి గణితం ప్రశ్నపత్రం, ఒకసారి తాళం వేసిన ఇంటి తలుపు పెట్టాము. వేరే సెక్షన్ పిల్లలకు చూపిస్తే వాడికి ఆకలేస్తోందన్నారు, భయపడుతున్నాడన్నారు, వాళ్లమ్మ ఊరెళ్లినట్టుందన్నారు. నిజానికి వాడు గోడ గడియారం చూస్తున్నాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ తర్వాత వాళ్లతో చాలాసేపు మాట్లాడాను. కూలి డబ్బుల గురించి మేస్త్రీ మాట్లాడుతున్న షాటు పక్కన, వేరే ఎప్పుడో నవ్విన ఒక కూలీ ముఖం పెడితే ఏమవుతుంది? ఆమె ఆ కూలికి సంతోషించినట్టవుతుంది. ఆమె అనని మాట మనం ఆమె చేత అనిపించినట్టవుతుంది. వరస అంత బలమైనది కాబట్టే పని జరిగిన వరసను మనకిష్టం వచ్చినట్టు మార్చకూడదని మా తరగతిలో నియమం పెట్టుకున్నాము. కుదించవచ్చు. మార్చకూడదు.

కదలిక సాగే దారిని ఒక గీతగా ఊహించుకుని, ఆ గీతకు ఒకే పక్క నుంచి తీయాలన్న 180 డిగ్రీల నియమాన్ని నల్లబల్ల మీద బొమ్మ వేసి చెబితే పిల్లలు తలూపుతారు గాని మర్చిపోతారు. ఎద్దుల బండలాగుడు పోటీలకు వెళ్లివచ్చాక మర్చిపోయినవారు లేరు. ఒంగోలు జాతి గిత్తలకు పుట్టిల్లు కదా మా జిల్లా, తిరునాళ్లకూ పండుగలకూ ఈ పోటీలు జరుగుతుంటాయి. ఇద్దరు అబ్బాయిలు బరికి చెరొక పక్క నిలబడి తీశారు. రెండూ కలిపి చూస్తే ఎద్దుల జత ఒక క్షణం కుడివైపుకు, మరుక్షణం ఎడమవైపుకు బండను లాగుతున్నట్టు కనబడింది. ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఇచ్చిన సమయంలో బరి పొడవునా లాగి, చివర నిజంగానే ఎద్దులను తిప్పి వెనక్కి తోలుతారు. కాబట్టి చూసేవారికి ఎద్దులు తిరిగాయో, కెమెరా అవతలి పక్కకు పోయిందో తెలిసే దారే లేదు. అప్పుడు ఆ అబ్బాయిలే ఒక పరిష్కారం కనిపెట్టారు: ఇద్దరూ ఒకే పక్కన ఉండాలి, ఒకరు బరి చివర కూర్చుని ఎద్దులు మలుపు తిరగడం తప్పకుండా తీయాలి. తోలేవాళ్లు కాడి పట్టుకుని జతను ఎలా మళ్లిస్తారు, ఆ మలుపులో ఎన్ని క్షణాలు పోతాయి అన్నది గెలుపోటములను తేల్చే విషయమని తోలేవాళ్లను అడిగి తెలుసుకున్నారు. నియమం కోసం వెళ్లి పనిలోని కీలకాన్ని పట్టుకున్నారన్నమాట.

ఇక పొగాకు సంగతి. ఈ తరగతి ఎందుకు నడుపుతున్నానని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ చిత్రం గురించే.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు వాళ్ల నాయనమ్మ చేసే గ్రేడింగ్, అంటే పొగాకును నాణ్యతను బట్టి వేరు చేసే పని మీద మూడు నిమిషాల చిత్రం తీస్తానని వచ్చింది. మా ప్రాంతం గురించి తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఇక్కడ వర్జీనియా పొగాకు అక్టోబరు, నవంబరు నెలల్లో నాటుతారు; సంక్రాంతి చుట్టుపక్కల నుంచి కింది ఆకుతో మొదలుపెట్టి పండిన ఆకును పండినట్టు దఫదఫాలుగా కోస్తారు. పచ్చి ఆకును కర్రలకు కట్టి బ్యారన్‌లో, అంటే ఆకును ఆరబెట్టే ఎత్తయిన గదిలో, అంతస్తులుగా వేలాడదీసి, కింద గొట్టాల గుండా వేడి పంపి, అయిదు నుంచి ఏడు రోజుల పాటు ఆరబెడతారు; దీన్నే క్యూరింగ్ అంటారు. మొదట తక్కువ వేడిలో ఆకు పసుపు రంగుకు తిరగాలి, తర్వాత ఆకు ఆరాలి, చివరికి ఈనె ఆరాలి. చివరి దశలో వేడి దాదాపు 70 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ తర్వాత మండెలు వేసి, అంటే కుప్పలుగా పేర్చి, రంగును బట్టి, మచ్చను బట్టి, ఆకు మందాన్ని బట్టి వేరు చేసి బేళ్లు కట్టి వేలం కేంద్రానికి తీసుకెళ్తారు. టంగుటూరు, కొండపి, ఒంగోలు, పొదిలి, కనిగిరి, వెల్లంపల్లి, ఈ పేర్లన్నీ మా పిల్లలకు పొగాకు బోర్డు వేలం కేంద్రాలుగానే ముందు తెలుసు. గ్రేడు ఒక మెట్టు దిగితే ధర దిగుతుంది. గ్రేడును నిర్ణయించేవాటిలో మొదటిది రంగు. కాబట్టి ఆ రంగును చూసి వేరు చేసే ఆడవాళ్ల కళ్ల మీద ఆ ఇంటి ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది.

ఆ అమ్మాయి మొదటి రోజు తీసుకొచ్చిన వీడియో మామూలుగా చూస్తే బాగానే ఉంది. కొష్టంలో, అంటే పాకలో, నాయనమ్మ కూర్చుని ఉంది, ఒక పక్క తలుపు నుంచి పగటి వెలుతురు, ఇంకో పక్క నెత్తి మీద బల్బు. ఇంటికెళ్లి నాయనమ్మకు చూపిస్తే ఆమె తిరస్కరించింది. "ఇది మన ఆకు కాదే. ఎవురి ఆకో తెచ్చి చూపిస్తన్నావు. నిమ్మపండు రంగు ఆకును పట్టుకుని మాడిపోయినట్టు చేశావే" అన్నదట. మళ్లీ చూస్తే ఆమె మాట అక్షరాలా నిజం. ఆమె ఆకును తలుపు వైపు ఎత్తినప్పుడు ఒక రంగు, ఒళ్లోకి దించినప్పుడు ఇంకో రంగు. ఒకే ఆకు ఒకే షాటులో మూడు గ్రేడులు మారింది.

ఫోను కెమెరా తనంతట తాను చేసే సవరణే దీనికి కారణం. పగటి వెలుతురులో నీలం పాళ్లు ఎక్కువ, పాతరకం బల్బు వెలుతురులో పసుపు, ఎరుపు పాళ్లు ఎక్కువ. వెలుతురు రంగును చెప్పే కెల్విన్ కొలతలో పగటి వెలుతురు సుమారు 5500 అయితే అలాంటి బల్బు 2700, 3000 దగ్గర ఉంటుంది. మన కన్ను ఈ తేడాను మనకు తెలియకుండానే సర్దుకుంటుంది. ఫోను కూడా సర్దాలని చూస్తుంది, కాని ఫ్రేములో ఏ రంగు ఎక్కువగా ఉంటే దాన్ని బట్టి లెక్క మార్చుకుంటూ పోతుంది. ఫ్రేము నిండా పసుపు ఆకు ఉంటే, వెలుతురే పసుపుగా ఉందనుకుని ఆ పసుపును తగ్గిస్తుంది. తెలుపు తెల్లగా కనబడేలా రంగులను సరిచేసే ఈ వైట్ బ్యాలెన్స్ పాఠాన్ని నేను అంతకుముందు కూడా చెప్పేవాణ్ని, తెల్ల కాగితం చూపించి. ఈసారి పిల్లలు విన్న తీరు వేరు, ఎందుకంటే ఒకరి నాయనమ్మకు కోపం వచ్చింది.

తర్వాతి ఆదివారం ఆ అమ్మాయి జట్టువాళ్లు చేసిన పని ఇది. బల్బు ఆపేశారు. తలుపు వెలుతురు ఒక్కటే ఉంచారు. ఫోను కెమెరాలో లెక్కలన్నీ మనమే మార్చుకోగలిగే ప్రో మోడ్ తెరిచి, నోటు పుస్తకంలోని తెల్ల పేజీని నాయనమ్మ ఒడిలో పెట్టి, అది తెల్లగా కనబడేదాకా వైట్ బ్యాలెన్స్ జరిపి, అక్కడ కదలకుండా ఉంచేశారు. కొష్టం చీకటిగా ఉంటుంది కనుక ఫోను తనంతట తాను వెలుగు పెంచి ఆకును తెల్లబరచకుండా, ఎంత వెలుగు తీసుకోవాలో తేల్చే ఎక్స్‌పోజర్‌ను కూడా ఆకు మీదే పెట్టి లాక్ చేశారు. గోడలు నల్లగా పోతే పోనిమ్మన్నారు. ఇంత చేశాక నాయనమ్మ ఫోను పక్కనే అసలు ఆకును పట్టుకుని, తెర మీది ఆకునూ చేతిలోని ఆకునూ మార్చి మార్చి చూసి, "ఇంకొంచెం తిప్పు" అని రెండుసార్లు అన్నది. మూడోసారి "ఇప్పుడు మన ఆకు" అన్నది. జీవితమంతా రంగు చూసిన మనిషి కదా, మాకు అంతకంటే నమ్మకమైన పరీక్ష ఎక్కడ దొరుకుతుంది?

చిత్రీకరణ ఏ వేళకు అన్నది కూడా ఆకే నిర్ణయించింది. అమ్మాయికి బడి అయ్యాక సాయంత్రం తీయాలని ఉంది. నాయనమ్మ కుదరదన్నది. పొద్దున మంచు తేమకు ఆకు మెత్తబడి ఉంటుంది, విప్పితే విప్పుకుంటుంది. ఎండెక్కితే పెళపెళలాడి చేతిలో పొడైపోతుంది. తేమ లేని ఆకును కెమెరా కోసం విప్పి చూపించడానికి ఆమె ఒప్పుకోలేదు, ఒప్పుకోకూడదు కూడా. అందుకని తెల్లవారగానే వెళ్లారు. తీరా చూస్తే ఆ వేళకు తలుపు నుంచి వచ్చే వెలుతురు మెత్తగా, పక్కవాటుగా ఉండి ఆకు మీది ఈనెలన్నీ స్పష్టంగా కనబడ్డాయి. వెలుతురు గురించి పుస్తకాల్లో చెప్పే పాఠం వాళ్లకు ఆకు తేమ ద్వారా అందింది.

ఆ అమ్మాయి తీసిన షాట్లలో నాకు చాలా ఇష్టమైనది ఒకటుంది. నాయనమ్మ ఎడమ చేత్తో ఆకు తొడిమ పట్టుకుని, కుడి అరచేతిని ఆకు మీదుగా ఒకసారి చివరిదాకా జరిపి, వెనక్కి తిప్పి తలుపు వైపు ఎత్తి, చూడకుండానే కుడి పక్కనున్న మూడు కుప్పల్లో ఒకదానిలో వేస్తుంది. కెమెరా చేతుల ఎత్తులో ఉంది. కుప్ప వైపు ఆమె తల తిరగదు. అమ్మాయి ఆ షాటును 40 సెకన్లు అలాగే ఉంచింది, అయిదారు ఆకులు వెళ్లేదాకా. మొదటి ఆకుకు మనకు ఏమీ అర్థం కాదు. నాలుగో ఆకు ఎత్తేసరికి అది ఏ కుప్పలోకి వెళ్తుందో మనమే ఊహించడం మొదలుపెడతాము. చూసేవారిని పనిలోకి దించడం అంటే నాకు తెలిసినంతలో అదే. దాని తర్వాత వచ్చే మాటలు, వెనుక నుంచి వినబడేవి: "వెనకమాల మచ్చ కనపడాల. ముందు నుంచి చూస్తే అన్నీ బంగారమే."

ఒక సహోపాధ్యాయుడు పొగాకు మీద బడిపిల్లలతో చిత్రమేమిటని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2003 నాటి చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపల పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు. ఆ పసుపు బోర్డు మా గేటు పక్కనే ఉంది. ఈ ప్రశ్నను తరగతిలోనే పెట్టాను. చిత్రంలో ఎవరూ పొగ తాగడం చూపకూడదని, పంటను పొగడకూడదని, ఇంట్లో జరిగే పనిని దాచకూడదని పిల్లలు నిర్ణయించారు. నాయనమ్మను ఆ ధూళి గురించి అడగాలని కూడా వాళ్లే అన్నారు. "ఈ గాటుకి రాత్రిళ్లు దగ్గొస్తది, ఇంకేం చేత్తాం" అన్న ఆమె జవాబును అమ్మాయి కత్తిరించకుండా ఉంచింది.

సాంకేతిక విషయాల్లో ఇంకో రెండు చెప్పి ముందుకు వెళ్తాను. ట్యూబులైట్ల కింద తీసిన వీడియోల్లో నల్లటి చారలు పాకుతున్నట్టు కనబడడం చాలామంది ఉపాధ్యాయులు నన్ను అడిగిన సమస్య. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కాబట్టి చాలా రకాల దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫోన్లు మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి, ఆ రెండు లెక్కలూ కలవవు. ప్రో మోడ్‌లో షట్టరు వేగాన్ని సెకనులో 50వ వంతో, 100వ వంతో పెట్టి, అవకాశముంటే 25 ఫ్రేములకు మారిస్తే చారలు పోతాయి. రెండోది గాలి. కొత్తపట్నం సముద్రపు ఒడ్డున అలివి వల లాగడం తీయడానికి వెళ్లిన జట్టు తెచ్చిన శబ్దమంతా హోరే. వల లాగేవాళ్లు పాడిన పదం ఒక్క ముక్క వినబడలేదు. మైకుకు స్పాంజి తొడిగి, గాలికి వీపు పెట్టి నిలబడి, శబ్దాన్ని వేరే ఫోనులో మనిషికి జానెడు దూరంలో పట్టాలి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. ఎక్కడ తీసినా, అందరూ మాట్లాడడం ఆపి ఆ చోటి నిశ్శబ్దాన్ని ఒక అర నిమిషం రికార్డు చేసుకురమ్మంటాను. కూర్పులో, అంటే ఎడిటింగులో, అతుకులు కనబడకుండా చేసేది అదే.

కూర్పును మేము కాగితం మీద మొదలుపెడతాము. ఒక్కో షాటుకు ఒక్కో చీటీ, దాని మీద ఏముందో, ఎన్ని సెకన్లో. చీటీలను బెంచీ మీద పరిచి వరస తేల్చాకే కంప్యూటరు ముట్టుకోవాలి. ఫోనులో స్థలం సమస్య ఉంటుంది, మామూలు నాణ్యతలో నిమిషం వీడియోకే సుమారు 100 ఎంబీ పైన పోతుంది, కాబట్టి అక్కర్లేనివి అదే రోజు తీసేయడం కూడా పాఠంలో భాగమే. సినిమా పాటలు పెట్టనివ్వను. పిల్లలు మొదట్లో చాలా బాధపడతారు. 1957 నాటి కాపీరైట్ చట్టం గురించి చెబుతాను, ఎవరి శ్రమ వాళ్లదన్న మాట చెబుతాను. కాని అసలు కారణం వేరు. పాట పెట్టగానే చూసేవారి మనసు పాటలోకి పోతుంది, పనివాళ్ల చేతుల చప్పుడు చచ్చిపోతుంది. ఆకు మీద అరచెయ్యి జరిగే శబ్దం మీద ఏ సంగీతమైనా నిలుస్తుందా?

కెమెరా ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీద నేను పట్టుదలగా ఉంటాను. వదిలేస్తే ఫోను మగపిల్లల చేతుల్లోకి, చీటీలు రాసే పని ఆడపిల్లల చేతుల్లోకి వెళ్తుంది. అందుకని జట్టులో పనులు ప్రతి చిత్రానికీ మారాలి: తీసేవారు, శబ్దం పట్టేవారు, ప్రశ్నలు అడిగేవారు, చీటీలు రాసేవారు. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925లో పుట్టిన భానుమతి గారు 1953లోనే తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో సినిమాకు దర్శకత్వం వహించారని చెప్పినప్పుడు మా ఆడపిల్లలు నమ్మలేకపోయారు. దొడ్డవరం వాళ్లకు తెలిసిన ఊరు. అక్కడి నుంచి అంత దూరం వెళ్లినవారు ఉన్నారన్న సంగతి ఏ ప్రోత్సాహక ఉపన్యాసం కంటే బాగా పనిచేసింది.

అడగడం గురించి చెబుతానన్నాను. కెమెరా తీసే ముందు అడగాలి, తీశాక చూపించాలి, చూపించాక మళ్లీ అడగాలి. గ్రేడింగ్ కొష్టంలో పనిచేసే ఆడవాళ్లలో ఇద్దరు తాము చిత్రంలో కనబడబోమన్నారు. ఎందుకని అడగకుండా అమ్మాయి వాళ్లు ఫ్రేములోకి రాకుండా కూర్చుని తీసింది. పిల్లల ముఖాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. మా చిత్రాలు యూట్యూబులో పెట్టము. బడి హార్డ్ డిస్కులో ఉంటాయి, తల్లిదండ్రుల సమావేశం రోజు తెరమీద వేస్తాము. పేరు వస్తుంది కదా పెట్టండని సలహా ఇచ్చినవారున్నారు. ఎనిమిదో తరగతి పిల్లకు లైకుల లెక్క మొదలైతే పని వరస వెనక్కి పోతుందని నా భయం, ఆ భయం తీరేదాకా పెట్టను.

మార్కులు నేను వేయను. తీసిన చిత్రాన్ని ముందుగా ఆ పని చేసిన మనిషికి చూపించాలి, ఆయనో ఆమో ఏం వదిలేశారో చెప్పాలి, పిల్లలు తిరిగి తీయాలి. పంక్చరు దుకాణం ఆయన ఒక జట్టు చిత్రం చూసి, "అంతా బాగుంది గాని బాబూ, నేను గాలి కొట్టాక వాల్వు మీద ఉమ్మి తడి పెట్టి చూస్తాను, అది తీయలేదే" అన్నారు. వాళ్లు ఆ ఒక్క షాటు కోసం మళ్లీ వెళ్లారు.

ఇప్పుడు మా ముందున్నది బ్యారన్. సంక్రాంతి సెలవులయ్యాక క్యూరింగ్ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే బ్యారన్‌ను తీయాలని ఒక జట్టు పట్టుబట్టింది: ఆకుపచ్చ ఎప్పుడు పోయి పసుపు ఎప్పుడు వస్తుందో ఒకే చోట నుంచి, ఒకే వైట్ బ్యాలెన్స్‌తో, పూటకొక షాటు. రాత్రి షాట్లకు పిల్లలను పంపను. ఒక అబ్బాయి మేనమామ ఆ బ్యారన్ దగ్గరే ఉంటారు, ఆయనకు ఫోను ఎక్కడ పెట్టాలో సున్నంతో గుర్తు గీసి చూపిస్తాము. థర్మామీటరు చూసే అద్దంలో ఫోను వెలుగు ప్రతిఫలించకుండా నల్లగుడ్డ కావాలని, వేడికి ఫోను ఆగిపోకుండా షాటుకూ షాటుకూ మధ్య బయట పెట్టాలని పిల్లలు చీటీ రాసుకున్నారు. నిప్పు చూసే ఆయనను అడగడానికి ప్రశ్నలు కూడా సిద్ధం చేశారు: కట్టె ఎప్పుడు వేయాలో ఆయన థర్మామీటరు చూసి చెబుతారా, వాసన చూసి చెబుతారా, వానొస్తే ఏం మారుస్తారు, ఎప్పుడైనా ఒక బ్యారన్ ఆకంతా పాడైందా. బ్యారన్ యజమాని ఒప్పుకున్నారు. నిప్పు చూసే ఆయనతో ఇంకా మాట్లాడలేదు కనుక, వచ్చే ఆదివారం పొద్దున్నే పిల్లలను వెంటబెట్టుకుని, ఫోన్లు లేకుండా, నోటు పుస్తకాలతో వెళ్తున్నాను.